సోలార్ ముందా, ఫ్యాన్లు ముందా?

మే నెల కరెంటు బిల్లు రాగానే మా వీధిలో అందరి నోటా ఒకటే మాట: "ఇక సోలార్ పెట్టించేద్దాం." 2024లో కేంద్రం ఇంటి మేడ మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం తెచ్చాక ఆ మాట ఇంకా గట్టిపడింది. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడుకైనా అంతకు పైకైనా 78 వేలు. మాకు ఆ నెల 340 యూనిట్లు కాలాయి. మూడు కిలోవాట్లు కావాలనుకుని లెక్కకు కూర్చున్నాను.

అప్పుడు నా చూపు నెత్తిన తిరుగుతున్న పాత ఫ్యాను మీద పడింది. అది 75 వాట్లు తింటుంది. అదే గాలి బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే కరెంటు తక్కువ తినే మోటారున్న ఫ్యాన్, సుమారు 30 వాట్లతోనే ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యానుకు 16 యూనిట్లు మిగులుతాయి. మా ఇంట్లో నాలుగున్నాయి, అంటే దాదాపు 65 యూనిట్లు. ఒక్కోటి మూడు వేల చొప్పున ఖర్చు 12 వేలు. ఒక కిలోవాట్ సోలార్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. దాని ధర మాకు 60 వేల పైచిలుకు చెప్పారు.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు వస్తే, మూడో దానికి వచ్చేది 18 వేలే. మన జేబులోంచి ఎక్కువ పోయేది ఆ మూడో కిలోవాట్‌కే. దాని పనిలో సగానికి పైగా నాలుగు ఫ్యాన్లు చేసేస్తాయి.

వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే స్లాబుల సంగతి కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 225 యూనిట్లు దాటాక 400 దాకా యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు. తగ్గించిన యూనిట్లు ఆ పై స్లాబు నుంచే తగ్గుతాయి, కాబట్టి మాకు వేసవిలో నెలకు 570 రూపాయల దాకా మిగులు. చలికాలంలో ఇంత ఉండదు.

అద్దె ఇళ్లవాళ్లకైతే ఆలోచనే అక్కర్లేదు, ఫ్యాన్లే. ఇల్లు మారితే విప్పుకుని పట్టుకెళ్లొచ్చు. అపార్ట్‌మెంట్లలో మేడ అందరిదీ, కాబట్టి అసోసియేషన్ ఒప్పుకుంటేగానీ ప్యానెల్ పైకెక్కదు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇళ్లకు సోలార్ మీద ఆసక్తి ఎందుకుంటుంది? కానీ 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలంలో ఆ గీత దాటకుండా కాపాడేది మంచి ఫ్యానే.

అలాగని సోలార్ వద్దనను. ఏసీ, ఫ్రిజ్, మోటారు అన్నీ ఉన్న సొంతింటికి ఫ్యాన్లతోనే సరిపోదు. పగలు మిగిలిన కరెంటు నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు వెళ్లి, రాత్రి వాడకంలో జమ అవుతుంది. ఏళ్ల తరబడి పనిచేస్తుంది, పొగ లేదు, బొగ్గు లేదు. అయితే పెట్టించేముందే తెలియాల్సిన విషయం ఒకటి: బ్యాటరీ లేని మామూలు సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా, ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ తానే ఆగిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే జనానికి సోలార్ మీదే నమ్మకం పోతుంది.

మా అమ్మకు ఉన్న అభ్యంతరం మాత్రం వేరు. "వడియాలు ఎక్కడ పెట్టను? మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టను?" అని అడిగింది. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి మరి. స్టాండు మనిషి ఎత్తుకన్నా పైకి లేపితే కింద నడవొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు, కానీ వడియాలకు ఎండ రాదు. ఆవిడ అడిగింది న్యాయమే.

చివరికి ఫ్యాన్లు ముందు మార్చాం. బిల్లు 275 యూనిట్లకు దిగింది. ఇప్పుడు మాకు రెండు కిలోవాట్లు చాలు. తూర్పు వైపు మేడ అమ్మకు వదిలేసి, నీడ పడని పడమటి వైపు ప్యానెల్స్‌కు కొలతలు తీసుకున్నాం.