మిలాన్‌లో కూర్చుంటేనే ఖర్చు

మూడేళ్లుగా మిలాన్‌లో ఉంటున్నాను. మొదట రెండేళ్లు పాలిటెక్నికో యూనివర్సిటీలో చదువు, ఇప్పుడు ఉద్యోగం. ఇన్నాళ్లలో అమ్మానాన్నలతో కలిపి ఐదు విడతలుగా చుట్టాలకీ స్నేహితులకీ ఊరు చూపించాను. ప్రతిసారీ ఖర్చు రాసి పెట్టుకున్నాను. ఫ్యాషన్ సిటీ కదా, జేబు గుల్లవుతుందని భయపడుతూనే దిగుతారు అందరూ. నా లెక్కల్లో తేలింది వేరు. ఇక్కడ డబ్బు పోయేది రెండు చోట్ల: తప్పు తేదీల్లో వచ్చినప్పుడు, కుర్చీ కనపడగానే కూర్చున్నప్పుడు.

ముందు తేదీల సంగతి. ఫిబ్రవరిలో, సెప్టెంబరులో ఫ్యాషన్ వీక్‌లు, ఏప్రిల్‌లో పెద్ద ఫర్నిచర్ ప్రదర్శన. మా బావ ఫ్లైట్ టికెట్ చవగ్గా దొరికిందని ఏప్రిల్‌లో కొనేశాడు. టికెట్‌లో మిగిలింది గది అద్దెకి రెండు రాత్రుల్లో ఎగిరిపోయింది. నన్నడిగితే నవంబరు మంచిది, లేదా జనవరి నెల సగం దాటాక. జనవరి మొదటి వారంలో మొదలైన డిస్కౌంట్ సేల్ అప్పటికింకా నడుస్తుంటుంది, చలికోటు ఇక్కడే కొనుక్కోవచ్చు. ఆగస్టులో మాత్రం వద్దు. ఎండ, దోమలు, సగం షాపులకి తాళాలు.

బస ఊరి నడిబొడ్డునే ఉండాలని పట్టుపట్టకండి. మావాళ్లని ఊరి పక్కనే ఉన్న సెస్తో సాన్ జొవాన్నిలో దింపుతాను. ఎర్ర మెట్రో లైను తిన్నగా దువోమో, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి, దగ్గరికి తీసుకెళ్తుంది. మామూలు టికెట్ 2.20 యూరోలు, 90 నిమిషాలు పనిచేస్తుంది. బ్యాంకు కార్డే గేటు దగ్గర ట్యాప్ చేస్తే చాలు, ఎన్నిసార్లు తిరిగినా రోజుకి 7.60 దాటి కోయదు. మనిషికొక కార్డు ఉండాలి, దిగేటప్పుడు కూడా ట్యాప్ చేయాలి. ఒకరోజు నేను పొద్దున కార్డు, సాయంత్రం అదే కార్డున్న ఫోను వాడాను. మెషీన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు కార్డులట, ఎక్కువే కోసింది. తప్పు నాదే.

విమానాశ్రయం కూడా చూసుకోవాలి. మల్పెన్సా ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు. ట్యాక్సీ వంద యూరోలు దాటుతుంది, బస్సయితే పది. లినాతెలో దిగితే నీలం మెట్రో ఉంది, 2.20తోనే ఊరి మధ్యలోని సాన్ బాబిలాకి 12 నిమిషాల్లో వచ్చేస్తారు.

ఇక కూర్చోవడం. ఇక్కడ కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరో పావలా, అటూఇటూ. అదే కప్పు దువోమో ఎదురుగా బల్ల దగ్గర తాగితే ఆ రేటుకి మూడు నాలుగు రెట్లు. "ఇంతదూరం వచ్చింది నిలబడి కాఫీ తాగడానికా?" అని అమ్మ మొదటిరోజు విసుక్కుంది. బిల్లు రూపాయల్లో చెప్పాక మూడోరోజుకి తనే కౌంటర్ దగ్గరికి నడిచింది. హోటల్లో భోజనానికి కూర్చుంటే కొపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు విడిగా వేస్తారు. మోసమేమీ కాదు, మెనూలో రాసే ఉంటుంది.

శాకాహారులకి లుయీని అనే షాపులో పాన్‌జెరొత్తీ చూపిస్తాను. అచ్చం మన కజ్జికాయ ఆకారమే, కాకపోతే అరచేయంత, లోపల చీజు, టమాటా. క్యూ పొడుగ్గా ఉన్నా త్వరగా కదులుతుంది. తినేది వీధిలో నిలబడే. పసుపు రంగు రిసోత్తో (ఇక్కడి అన్నం వంటకం) చూసి పులిహోర అనుకుని ఆర్డర్ చేయకండి, పద్ధతి ప్రకారం అందులో మాంసం రసం, మూలుగ పడతాయి. నీళ్ల సీసా కొనక్కర్లేదు. వీధి మూలల్లో ఆకుపచ్చ ఇనుప కుళాయిలుంటాయి, రాత్రీపగలూ ధార ఆగదు. ఎప్పుడూ కన్నీరు కారుస్తుంటాయని వాటికి "చిన్న వితంతువులు" అని పేరు. అది విన్నాక అమ్మ ఆ నీళ్లు తాగడానికి కాసేపు తటపటాయించింది.

లియొనార్డో గోడమీద వేసిన బొమ్మ 'లాస్ట్ సప్పర్' చూడ్డానికి టికెట్ 15 యూరోలు, లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలు. వీసా చేతికి రాగానే మొదట బుక్ చేసుకోవాల్సింది ఈ టికెట్టే, ఆలస్యమైతే దళారీ రేట్లే దిక్కు. నాన్నకి ఆ గోడ ముందు మాట రాలేదు. బయటికొచ్చాక మాత్రం నిమిషానికి యూరో అని లెక్క కట్టారు. దువోమో పైకప్పుకి లిఫ్టు కన్నా మెట్ల టికెట్ తక్కువ, మోకాళ్లు సహకరిస్తే అదే తీసుకోండి. సాన్ మౌరిత్సియో చర్చిలో నేలనుంచి కప్పుదాకా బొమ్మలే, ప్రవేశం ఉచితం. దువోమోకన్నా నాకు అదే ఇష్టం, ఎవరూ ఒప్పుకోరు.

ఖరీదైన బ్రాండ్ల షాపులుండే మోంతెనాపొలెయోనె వీధిలో అద్దాలు చూసి వచ్చేయడమే. కొనడానికి పపినియానో సంత ఉంది, మంగళవారం పొద్దున, శనివారం రోజంతా. అమ్మ ఉన్ని శాలువా అక్కడే కొంది, బేరమాడి మరీ, తెలుగులో.

ఊరు చూడ్డానికి మూడు రోజులు చాలు. నాలుగోరోజు రైల్లో కోమో సరస్సుకి వెళ్లండి, ఐదు యూరోల చిల్లర.

కూర్చుని డబ్బు మిగుల్చుకునే చోటు నాకు ఒక్కటే దొరికింది: ఒకటో నంబరు ట్రామ్. 1928 నాటి బండ్లు, చెక్క బల్లలు, పసుపు దీపాలు. లా స్కాలా ఒపేరా హౌస్ పక్కనుంచి, కోట ముందునుంచి వెళ్తుంది. అమ్మ ఆ బల్లమీదే నిద్రపోయింది. లేపకుండా చివరి స్టాపు దాకా వెళ్లి, అదే టికెట్‌తో వెనక్కి వచ్చాం.