నాలుగేండ్లు గ్యాస్ బట్టీ వాడినంక, మన చెరువు మట్టితోని

నల్గొండ దగ్గర మా షెడ్డుల మట్టి గిన్నెలు కాల్చే గ్యాస్ బట్టీ పెట్టి నాలుగేండ్లయింది, లోపల ఇటుకకు బదులు ఫైబర్ లైనింగ్, అంటే వేడిని ఆపే దూది లెక్క పొర. కొనాల్నా వద్దా అని అడిగేటోళ్లకు ముందుగాల్నే చెప్తున్న, బట్టీ మంచిదే, కొనుండ్రి, కానీ చెరువు మట్టితో చేసేటోళ్లకు మొదటి ఏడాది మస్తు తిప్పలయితది, నాకు అయింది.

గ్లేజ్ (గిన్నె మీద గాజు లెక్క మెరిసే పూత) మీద గుండుసూదితో పొడిచినట్టు సన్న రంధ్రాలు, కొన్ని గిన్నెలకైతే అడుగు పొంగిన పూరీ లెక్క ఉబ్బుడు. గ్లేజ్‌దే తప్పనుకుని మూడు నెలలు ఫ్రిట్ (గ్లేజ్‌ల కలిపే గాజు పొడి) మార్చుడు, పల్చగ పుయ్యుడు, మందంగ పుయ్యుడు, ఇదే పని. ఒకనాడు మా ఊరి కుమ్మరి పెద్దనాయన వచ్చి గిన్నె తీస్కొని బండకేసి పలగ్గొట్టిండు. బయట రెండు దిక్కుల ఎర్రగ, నడిమిట్ల బొగ్గు లెక్క నల్ల గీత. "బిడ్డా, లోపల ఇది కాలనే లేదు" అన్నడు.

అసలు సంగతి ఏందంటే చెరువు మట్టిల కుళ్లిన ఆకులు, వేర్ల కార్బన్ ఉంటది, అది 700 నుంచి 900 డిగ్రీల నడుమ గాలి తగిలితేనే కాలిపోతది, తగలకుంటే లోపల్నే ఉండి మట్టిల ఇనుమును గూడ నల్లగ మారుస్తది, ఆ ఇనుము మట్టిని తొందరగ కరిగిస్తది, ఇగ గ్యాస్ బయటికి పోయే తొవ్వ లేక ఉబ్బుడు, పొక్కులు. నేనేమో గ్యాస్ మిగుల్తదని డంపర్ (పొగగొట్టం కాడ గాలిని ఆపే పలక) సగం మూస్తుంటి! ఇప్పుడు బిస్క్‌ల, అంటే గ్లేజ్ పుయ్యకముందు కాల్చే మొదటి కాల్పుల, ఆ 200 డిగ్రీలకు రెండున్నర గంటలు ఇస్త, చూసే రంధ్రం నుంచి పసుపు మంట బయటికి రాకుండ డంపర్ తెరిచి పెడ్త, 1000 దాక తీస్కపోత. గ్యాస్ కొంచెం ఎక్కువే అయితది, అయినా పాడయిన లోడ్ కంటే చవుకనే.

ఇంకోటి మట్టిల ఉండే సున్నపు గులకలు. బట్టీల నుంచి తీసినప్పుడు గిన్నె ముద్దుగుంటది, పదిహేను దినాలకు, వానకాలమైతే ఇంకా ముందే, పెచ్చు ఎగిరిపడి అడుగున తెల్ల చుక్క కనబడ్తది, కాలిన సున్నం తేమ పీల్చి ఉబ్బినట్టు. దీనికి గ్లేజ్ ఏం చెయ్యలేదు, మట్టిని నీళ్లల్ల కలిపి 80 మెష్ (సన్న కండ్ల) జల్లెడ పట్టుడే. చేతులు నొస్తయ్, కానీ నేను నమ్మేది ఇదే తొవ్వ.

ఫైబర్ బట్టీ జల్ది చల్లారుతది, గదొక్కటే నాకు నచ్చనిది. తొందరపడి తలుపు తీస్తే టింగ్ టింగ్ అని పగుళ్లు. మట్టిల ఉండే క్వార్ట్జ్ (ఇసుక ఖనిజం) చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారే కుంచించుకుంటది గదా, అందుకే బర్నర్లు బంద్ చేసి డంపర్ పూర్తిగ మూసి, తెల్లారి 100 డిగ్రీల లోపలికి వచ్చినంకనే తెరుస్త.

19 కిలోల సిలిండర్ ఒక్కటే పెడితే సగం కాల్పుకు మంచు పట్టి ప్రెషర్ పడిపోతది, రెండు కలిపి పెట్టుండ్రి. వేడి మీటర్ ఒక్క చోటనే చూపిస్తది, నా కింది అర 30 డిగ్రీలు తక్కువుంటది, అందుకే అరకొక కోన్ (తగినంత వేడి తగిలితే వంగే చిన్న సూది ముక్క) పెడ్త.

ఇప్పటికీ ప్రతి బిస్క్ లోడ్‌ల ఒక గిన్నె పలగ్గొడ్త, నడిమిట్ల నల్ల గీత లేకుంటేనే గ్లేజ్ బకెట్ మూత తీస్త.