ఆర్‌ఎక్స్ 100కి కొత్త రంగు వేయించాలా, అరిగిన రంగుతోనే ఉంచాలా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చినప్పుడు చేతికందింది పట్టుకుని పై అంతస్తుకి ఎక్కేశాం. నాన్న బండి మెట్ల కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే హెడ్‌లైట్ అద్దం లోపల కూడా బురదే. 1991 యమహా ఆర్‌ఎక్స్ 100, నల్ల రంగు, ఏపీ 16 నంబరు. కొన్నప్పటి నుంచి దాని మీద రెండో రంగు పడలేదు.

ట్రాలీ ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్తే మేస్త్రి మొదట అడిగింది, "మునిగాక కిక్ కొట్టారా?" అని. లేదన్నాను. "అయితే సగం డబ్బులు మిగిలాయండి" అన్నాడు. నీళ్లు నిండిన ఇంజన్‌కి కిక్ కొడితే, నీరు గాలిలా కుదించుకోదు కాబట్టి ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. పిస్టన్‌తో పాటు ఇసుక కదిలి బోరంతా, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడంతా, గీతలు పడతాయి. అందుకే మునిగిన బండిని స్టార్ట్ చేసి చూద్దామన్న ఆత్రం ఎవరికీ పనికిరాదు. ముందు ప్లగ్ విప్పాలి, ఆయిల్ దించాలి, ఆ తర్వాతే ఏదైనా.

ఆయన రెండో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. "మొత్తం విప్పి కొత్త బండిలా చేయమంటారా, నడిచేలా చేసి ఇచ్చేయమంటారా?"

గుంటూరులో ఉండే మా బావ, మేనమామ కొడుకు, ఇదే మోడల్‌ని ముందే పూర్తిగా విప్పి కట్టించుకున్నాడు. బ్రాడీపేటలో టీ తాగడానికి ఆపితే నలుగురు చుట్టూ చేరతారు. ఫోన్‌లో నా గొడవ విని, "తుప్పుకి కూడా సెంటిమెంట్ ఏంట్రా? నాలుగు నెలలు నాది కాదనుకో, కొత్త బండి వస్తుంది" అన్నాడు. ఇద్దరి బండ్లూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే, రెండూ ఒకే ప్రశ్న కాదని మెల్లగా అర్థమైంది.

ముందు ఇంజన్ సంగతి తేల్చేస్తాను. ఇందులో "ఒరిజినల్‌గా ఉంచుదాం" అనే మాటకి చోటు లేదు. ఇది టూ స్ట్రోక్ ఇంజన్, ఫోర్ స్ట్రోక్ బండ్లలోలా పైన తెరుచుకుని మూసుకునే వాల్వులు ఇందులో ఉండవు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కిందున్న క్రాంక్‌కేస్‌లోకి వస్తుంది, అక్కడ ఒత్తిడికి గురై పైకి ఎక్కుతుంది. అంటే క్రాంక్‌కేస్ కూడా ఒక పంపులాంటిదే, ఎక్కడా గాలి లీకవకూడదు. క్రాంకుకి రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ముప్పై ఏళ్లకి గట్టిపడి చెక్కలా అవుతాయి. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది, మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కి ఒకరోజు బందరు రోడ్డు మధ్యలో పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి చేరి కాలుతుంది, వెనకొచ్చేవాళ్లు పొగలో తిట్టుకుంటూ వస్తారు. రెండు సీళ్లూ కలిపి ధర చూస్తే నవ్వొస్తుంది. వాటిని మార్చాలంటే మాత్రం ఇంజన్ విప్పాలి. అందుకే "బాగానే నడుస్తోంది కదా" అని చాలామంది వదిలేస్తారు. మాది మునిగింది కాబట్టి వదిలేసే ఛాన్సే లేదు. క్రాంక్ బేరింగులు, సీళ్లు, వీల్ బేరింగులు, బ్రేక్ లైనర్లు, పెట్రోలు పైపులు అన్నీ కొత్తవి పడ్డాయి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకి అది పడదు. మునగకపోయినా పైపులు మార్చాల్సిందే.

బోరు దగ్గర మాత్రం తొందర కూడదు. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) కూడా 50, లెక్క కడితే 98 సీసీ. అరిగినప్పుడు పావు మిల్లీమీటరు చొప్పున పెంచి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు: 0.25, 0.50, 0.75, 1.00. అంటే ఆ సిలిండర్‌కి నాలుగు జన్మలు. బావ బండి కొన్న రోజుకే మూడో జన్మలో ఉంది, ఆ విషయం విప్పాకే తెలిసింది. మాది స్టాండర్డ్ సైజులోనే ఉంది. మేస్త్రి కొలిచి, "హోనింగ్ చేసి కొత్త రింగులు వేస్తే చాలండి, ఇప్పుడే బోరు కొట్టించొద్దు" అన్నాడు. హోనింగ్ అంటే సిలిండర్ గోడని సన్నగా రుద్ది సాపు చేయడం. ఆ ఒక్క మాటతో ఆయన మీద గురి కుదిరింది. రీస్టోరేషన్ పేరుతో ఆరోగ్యంగా ఉన్న సిలిండర్‌ని కూడా బోరింగ్‌కి పంపేవాళ్లు ఉన్నారు. పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. లేత్ మీద చెయ్యి తిరగనివాడు కొట్టిన బోరు కంటే అరిగిన ఫ్యాక్టరీ బోరే నయం.

ఇక ఆటోలూబ్ పంపు. యమహా వాడు టూటీ ఆయిల్‌కి (టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలుతో కలిసి కాలే ఆయిల్) వేరే డబ్బా పెట్టి, యాక్సిలరేటర్ కేబుల్‌తో ముడివేసి, ఎంత తిప్పితే అంత ఆయిల్ అందేలా ఇచ్చాడు. మనవాళ్లలో చాలామంది అది పీకేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుతారు. బావదీ అంతే. పైకి అంత మెరిసే బండిలో కంపెనీ ఇచ్చిన తెలివైన భాగం లేదు, ఆ రంధ్రానికి ఒక రేకు బిగించి ఉంది. అదేంటని అడిగితే "ఎవరికి కనపడుతుందిలే" అన్నాడు. రీస్టోర్ చేసిన బండ్లలో నాకు చిరాకు తెప్పించేది ఇదే. కనపడేది కొత్తది, కనపడనిది సర్దుబాటు.

అసలు తగాదా రంగు దగ్గర. మా ట్యాంకు రెండు వైపులా, మోకాళ్లు ఆనే చోట, నలుపు అరిగి లోపలి ప్రైమరు తేలింది. నాన్న ఎరువుల కంపెనీలో పనిచేస్తూ మైలవరం, నూజివీడు వైపు ఊళ్లన్నీ తిరిగిన గుర్తు అది. నేను దాన్ని దాచుకుందామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నేను కొన్న రోజు ఇలా ఉందనుకున్నావా? అద్దంలా మెరిసేది. నాకు గుర్తున్న బండి అదిరా, ఇది కాదు" అన్నారు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. పాతదనం మీద మోజు నాదే, బండి తొక్కినాయనది కాదు.

కానీ బావ బండిని దగ్గరగా చూస్తే నాన్న చెప్పిన ఆ అద్దం కూడా అందులో లేదు. ఇప్పటి షెడ్లలో వేసే రంగు మీద మందంగా క్లియర్ కోటు పడుతుంది, వేలు పెడితే నీళ్లలో మునిగినట్టు ఉంటుంది. అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి అంత లోతైన మెరుపుతో ఏ ఆర్‌ఎక్సూ రాలేదు. ట్యాంకు మీది పట్టీ స్టిక్కరు ఇప్పుడు ప్రింటు కొట్టింది, వెడల్పులో నూలుపోగంత తేడా. పెట్రోలు చుక్క పడిన చోట అప్పుడే అంచు లేచింది. మడ్‌గార్డుల క్రోమ్ పని సరిగా చేయాలంటే పాతది పూర్తిగా తీసి, రాగి, నికెల్, క్రోమ్ వరసగా ఎక్కించాలి. మధ్యలో ఒకటి ఎగ్గొడితే మన ఉక్కపోతకి రెండు వానాకాలాల్లో పొంగుతుంది. అలాగని కొత్త మడ్‌గార్డు కొనుక్కుందామా అంటే దొరికేవి చాలావరకు డూప్లికేట్లు, పల్చటి రేకు. పాతది తీసి వేలితో తట్టి చూడండి, శబ్దంలోనే తెలిసిపోతుంది.

అలాగని బావది తప్పని అనను. ఆయన కొన్నప్పుడు ఆ బండికి పసుపు రంగు, అలాయ్ చక్రాలు, ఖాళీ డబ్బాలా మోగే సైలెన్సరు. దాంట్లో కాపాడటానికి ఏమీ మిగల్లేదు. ఒకసారి రంగు మారి, భాగాలు మారిన బండికి "ఉన్నది ఉన్నట్టు" అంటే ఎవరో పాడుచేసింది పాడుచేసినట్టు ఉంచడమే. అలాంటిది పూర్తిగా విప్పి కంపెనీ లెక్కకి తేవడమే మేలు. చాసిస్‌కి తుప్పు తిన్నా అంతే, మొహమాటం అక్కర్లేదు. నా తూకం ఇది: మొదటి రంగు సగానికి పైగా ఉంటే ముట్టుకోవద్దు. లేకపోతే సగం సగం టచప్‌లతో బాధపడకుండా మొత్తం చేయించండి. ఎందుకంటే రంగు ఎప్పుడైనా వేయించొచ్చు, తీసేసిన పాత రంగు మాత్రం ఎంత పెట్టినా తిరిగి రాదు.

కాగితాల సంగతి చాలామందికి పని అంతా అయ్యాక గుర్తొస్తుంది. సొంత బండికి 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, అప్పుడు బండిని చూపించాలి. చాసిస్‌కి పౌడర్ కోటింగ్ మందంగా కొట్టిస్తే పంచ్ చేసిన నంబరు పూడిపోతుంది, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయబోతే ఏమీ రాదు. బావ గుంటూరులో ఆ నంబరు మీద రంగు గీకించుకుంటూ ఒక పూటంతా ఎండలో నిలబడ్డాడు. కోటింగ్‌కి ఇచ్చేముందు నంబరు మీద టేపు అంటించమని చెప్పండి, చాలు. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధన కూడా తెలుసుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు ఇస్తారు. కొత్తగా అయితే 20,000 రూపాయల ఫీజు, వీఏ అక్షరాలతో నంబరు ప్లేటు, రోజువారీ తిరగడానికి మాత్రం కుదరదు. మాది 2041 దాకా ఆగాలి. మీ ఇంట్లో 1970ల తొలినాళ్ల రాజ్‌దూతో జావానో ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి, ఇంజన్ మార్చకముందే.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మొత్తం విప్పి కట్టించడానికి ఇంజన్ పనికంటే ఎన్నో రెట్లు అవుతుంది, పెట్టినదంతా ఇన్సూరెన్స్ కాగితం మీద కనపడదు. షెడ్డుకి ఇచ్చేముందు ఒక గోనెసంచి ఇచ్చి, తీసిన ప్రతి నట్టూ అందులో వేయమనండి. పాత బోల్టు తల మీద ఉండే గుర్తు కొత్త బోల్టుకి ఉండదు, పాత బోల్టేమో మర్నాడే పాత ఇనుప కొట్టుకి పోతుంది.

మా బండి డిసెంబరులో ఇంటికొచ్చింది. ఇంజన్ బాగైంది, ఆటోలూబ్ పనిచేస్తోంది, ట్యాంకు కడిగి మైనం పట్టించి వదిలేశాం. నాన్న చుట్టూ తిరిగి చూసి మోకాలి దగ్గర అరిగిన చోట వేలు పెట్టి, "కనీసం ఇక్కడన్నా వేయించలేకపోయావా" అన్నారు. మాట్లాడకుండా తాళం ఇచ్చాను. మోకాళ్ల నొప్పితో కిక్ కొట్టలేరు, నేను కొట్టి ఇస్తే ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. దిగాక రంగు మాట ఎత్తలేదు, వెనక మడ్‌గార్డు మాట ఎత్తారు. వరద బురదకి దాని క్రోమ్ లోపలి నుంచి పొంగి పొక్కులు వస్తోంది. అలా ఉంచితే రేకే పోతుంది, ప్లేటింగ్‌కి ఇస్తే ముందు మడ్‌గార్డు పక్కన అది వేరే బండిదిలా మెరుస్తుంది. ప్రస్తుతానికి ఆయిల్ రాసి ఉంచాను. మేస్త్రి రెండుసార్లు ఫోన్ చేశాడు.