డబ్బులు తీసుకోవడం ఆపలేదు, ఇవ్వడం ఆపేశారు: మా నర్సరీ వాడే పేమెంట్ గేట్‌వే మీద రివ్యూ

మాది కడియపులంకలో నర్సరీ. తోట పని మా మావయ్యగారు, మా ఆయన చూసుకుంటారు. ఆన్‌లైన్ ఆర్డర్లు, ప్యాకింగ్, డబ్బుల లెక్క నా పని. రెండేళ్లకు పైగా ఒక పేమెంట్ గేట్‌వే, అంటే కస్టమర్లు ఆన్‌లైన్లో కట్టిన డబ్బు తీసుకుని మా ఖాతాకి పంపే సేవ, వాడుతున్నాం. "అది తీసుకోమంటావా అమ్మా?" అని బుర్రిలంక, వేమగిరి వైపు నర్సరీ వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు. మా డబ్బు ఆగినప్పుడు వేరే కంపెనీలకి మారిపోదామని వాటి షరతులు కూడా కూర్చుని చదివాను. అనుమానం వస్తే వ్యాపారి డబ్బు ఆపుకునే హక్కు తమకుందనే మాట నేను చదివిన ప్రతిదాంట్లోనూ ఉంది. కాబట్టి మీరు ఏది వాడుతున్నా ఇది మీకూ పనికొస్తుంది.

ముందు బాగున్న సంగతి చెబుతాను, ఎందుకంటే నిజంగానే బాగుంది. ఇది తీసుకోకముందు మా క్యూఆర్ కోడ్ ఫొటో వాట్సాప్‌లో పంపేవాళ్లం. కస్టమర్ డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పెట్టేవారు. రోజూ రాత్రి బ్యాంకు మెసేజీలు ఒక పక్క, స్క్రీన్‌షాట్లు ఒక పక్క పెట్టుకుని సరిచూసుకోవాలి. దొంగ స్క్రీన్‌షాట్లు చేసి పంపేవాళ్లు కూడా తగిలారు. అడీనియం మొక్కలు ఓ పెట్టెడు అలాగే పోయాయి. పేమెంట్ లింకులు వచ్చాక ఆ బాధ పోయింది. ఆర్డర్ నంబర్‌తో లింకు వెళ్తుంది, డబ్బు పడితేనే ప్యాకింగ్ లిస్టులోకి ఎక్కుతుంది, ఎవరినీ అనుమానంగా అడగాల్సిన పని లేదు. మర్నాడు పని దినమైతే మా కరెంట్ ఖాతాలో జమ అయిపోయేది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాళ్లు క్రెడిట్ కార్డుతో కూడా కొనడం మొదలుపెట్టారు.

ఫీజు రెండు శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. వెయ్యి రూపాయల మొక్కలకి రూ.23.60 పోతుంది. యూపీఐ మీద ఎండీఆర్ (పేమెంట్ తీసుకున్నందుకు వ్యాపారి దగ్గర కోసుకునే ఛార్జీ) వద్దని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది కదా అని సేల్స్ అబ్బాయిని అడిగితే, ఇది ఎండీఆర్ కాదండీ, ప్లాట్‌ఫామ్ ఫీజు అన్నాడు. సరే, ఆ సౌకర్యానికి ఆ ధర ఇవ్వొచ్చనే అనుకున్నాను. ఇప్పటికీ నా గొడవ ఫీజు గురించి కాదు.

మా వ్యాపారం ఏడాదంతా ఒకేలా నడవదు. మార్చి నుంచి ఎండలకి పార్శిల్లో మొక్క బతకదు, ఆర్డర్లు మేమే తగ్గించుకుంటాం. తొలకరి పడ్డాక పెరుగుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, శ్రావణం రాగానే ముహూర్తాలు మొదలు. ఇప్పుడు పెళ్లికీ గృహప్రవేశానికీ రిటర్న్ గిఫ్టుగా మొక్క ఇవ్వడం బాగా అలవాటైంది. పోయిన శ్రావణంలో హైదరాబాద్ నుంచి ఒక పెళ్లివారు 600 మొక్కలు అడిగారు. తులసి, మనీప్లాంట్, జేడ్ కలిపి, మొక్క 120 రూపాయల లెక్కన 72 వేలు. ఒకే లింకులో, ఒకే కార్డు మీద కట్టేశారు. అదే వారంలో మామూలు వర్షాకాలం ఆర్డర్లు కూడా మీద పడ్డాయి.

ఆ రాత్రే మెయిల్ వచ్చింది. మీ ఖాతాలో అసాధారణ లావాదేవీలు కనిపించాయి, పరిశీలన పూర్తయ్యేదాకా సెటిల్‌మెంట్లు, అంటే మా ఖాతాకి డబ్బు వేయడం, ఆపుతున్నాం అని. ఏ లావాదేవీ అసాధారణమో లేదు, ఎన్నాళ్లో లేదు, ఎవరితో మాట్లాడాలో లేదు. 72 వేల పేమెంట్ చూసి అడిగారంటే అర్థం చేసుకోగలను. అప్పటిదాకా మా ఖాతాలో వెయ్యి, పదిహేను వందలు తప్ప పడలేదు. కానీ వాళ్లు ఆపింది ఆ 72 వేలే కాదు. అరకులో ఎవరో కొన్న రెండు మల్లె మొక్కల డబ్బులు కూడా ఆపారు.

ఇంకా అన్యాయమైనది మర్నాడు తెలిసింది. మా లింకులు ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. కస్టమర్లు కడుతున్నారు, వాళ్లకి 'పేమెంట్ సక్సెస్' అని పచ్చగా కనిపిస్తోంది, మాకు డ్యాష్‌బోర్డులో అంకె పెరుగుతోంది, ఖాతాలోకి మాత్రం రూపాయి రాదు. మా మీద అనుమానం ఉంటే కొత్తగా జనం దగ్గర డబ్బు తీసుకోవడం ఎందుకు? అనుమానం లేకపోతే మాకివ్వకపోవడం ఎందుకు? సపోర్ట్‌లో ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా, మీ టికెట్ రిస్క్ టీమ్ దగ్గర ఉందండీ అనే మాట తప్ప జవాబు లేదు. లింకులన్నీ నేనే మూసేశాను. అప్పటికే లక్షా ఎనభై వేలు దాటింది.

ఈ సేవ తీసుకోబోయే నర్సరీ వాళ్లు పత్రాల సంగతి జాగ్రత్తగా చదవండి. పరిశీలన కోసమని జీఎస్టీ సర్టిఫికెట్ పెట్టమన్నారు. మాకు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. బతికున్న మొక్కల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకే అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదని ఆ చట్టంలోనే ఉంది. ఈ మాట రాసి పంపితే 'పత్రాలు అసంపూర్ణం' అని తిరిగొచ్చింది. మళ్లీ పంపితే మళ్లీ అదే. ఆ ఫారంలో జీఎస్టీ నంబరు వేసే గడి ఉంది గానీ, వర్తించదు అని చెప్పే గడి లేదు. చివరికి రాజమండ్రిలో మా ఆడిటర్ గారి చేత లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించి, ఉద్యాన శాఖ ఇచ్చిన నర్సరీ రిజిస్ట్రేషన్ కాగితం జతచేసి పెట్టాను.

డెలివరీ రుజువు దగ్గర ఇంకో పేచీ. ఆరు వందల మొక్కలు కొరియర్‌లో వెళ్లవు. ట్రాన్స్‌పోర్ట్ లారీలో వెళ్తాయి, చేతిలో పెట్టేది ఎల్‌ఆర్ కాపీ, అంటే సరుకు తీసుకున్నట్టు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఇచ్చే రసీదు. వాళ్లకేమో ట్రాకింగ్ లింకు కావాలి. చేత్తో రాసిన ఎల్‌ఆర్ ఫొటో తీసి పెడితే స్పష్టంగా లేదన్నారు. పెళ్లివారు మండపంలో మొక్కలు వరసగా పేర్చిన ఫొటోలు పంపారు, మొక్కలన్నీ అందాయని వాట్సాప్‌లో రాసి కూడా పెట్టారు. అవన్నీ జతచేశాను. కొన్నవాళ్లే అందాయని చెబుతున్నా ఆ డబ్బు నెలకు పైగా కదల్లేదు.

మధ్యలో సపోర్ట్ వాళ్లు ఒక సలహా చెప్పారు. కావాలంటే కస్టమర్లకి రిఫండ్ ఇవ్వండి, అది ఆగదు అని. సరేనని కొందరికి ఫోన్ చేశాను. "అమ్మా, మీ డబ్బు వెనక్కి వేస్తున్నాం, మా ఇంకో క్యూఆర్ కోడ్‌కి మళ్లీ కట్టండి" అని. ఆ మాట ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌లో చెబితే మీరు నమ్ముతారా? మోసగాళ్లు చెప్పేది సరిగ్గా అదే. విశాఖ నుంచి ఒక పెద్దావిడ, పాత కస్టమరే, "ఎవరు నువ్వు? కడియం అమ్మాయి ఫోన్ నీ చేతికెలా వచ్చింది?" అని కోప్పడ్డారు. ఆవిడ జాగ్రత్త మెచ్చుకోవాల్సిందే, కానీ ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. పైగా రిఫండ్లు పెరిగితే రిస్క్ లెక్కలో అది కూడా మైనస్ అని తర్వాత అదే సపోర్ట్ వాళ్లు చెప్పారు. అక్కడితో ఆపేసి, మిగతా ఆర్డర్లన్నీ మా చేతి డబ్బుతో పంపించాం.

చేతి డబ్బు ఎక్కడిదని అడగాలి కదా. ప్యాకింగ్ అట్టపెట్టెలు, కోకోపీట్, కొరియర్ ఛార్జీలు, అన్నిటికన్నా ముందు కూలీలు. మా దగ్గర ప్రతి శనివారం బట్వాడా. అంట్లు కట్టే ఆడవాళ్లు, లోడింగ్ చేసే ముఠా వాళ్లు ఆ డబ్బుతోనే వారం సరుకులు తెచ్చుకుంటారు. రిస్క్ టీమ్ పరిశీలిస్తోంది, వచ్చే వారం ఇస్తామని వాళ్లకి చెప్పలేం, చెప్పకూడదు. సంక్రాంతికి ఎత్తుకుందామనుకున్న చీటీని శ్రావణంలోనే పాడేశాను. తొందరపడి పాడితే పాటలో ఎంత పోతుందో చీటీలు కట్టేవాళ్లకి తెలుసు. ఆ నష్టం ఏ డ్యాష్‌బోర్డులోనూ కనిపించదు.

ఇలా ఆగడంలో రెండు రకాలున్నాయి, రెండిటినీ కలిపేయకండి. హైవే పక్కన టిఫిన్ సెంటర్ నడిపే మా బంధువుకి జరిగింది వేరు. ఎవరో దారిన పోయేవాళ్లు టిఫిన్ తిని స్కాన్ చేసి వెళ్లారు. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో సైబర్ మోసంలో పోయిన డబ్బట. బాధితులు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ము ఏయే ఖాతాల గుండా వెళ్లిందో చూసుకుంటూ బ్యాంకులు వరసగా ఆపేస్తాయి. ఆయనకి వచ్చింది కొన్ని వందలు, ఆగింది మొత్తం ఖాతా. అది ఘోరమే. కానీ బ్యాంకుకి వెళ్తే ఫిర్యాదు నంబరు, ఏ ఊరి పోలీసులో చెప్పారు. ఎవరికి రాయాలో తెలిసింది. 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసుల్లోనే, పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపాలి, ఖాతా అంతా కాదు అని తీర్పిచ్చింది. ఆ తీర్పు కాపీ పట్టుకుని ఆయన బ్యాంకులో మాట్లాడగలిగారు. మాకు ఆ మాత్రం పట్టు కూడా దొరకలేదు. ఫిర్యాదు చేసినవాళ్లు లేరు, పోలీసులు లేరు, కారణం చెప్పే మనిషి లేడు.

దారి చూపించింది మా ఆడిటర్ గారే. పేమెంట్ అగ్రిగేటర్ల మీద, అంటే మా గేట్‌వే లాంటి కంపెనీల మీద, రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో నిబంధనలు పెట్టింది. వ్యాపారుల కోసం వసూలు చేసిన డబ్బు బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, అంటే అది కంపెనీ సొంత డబ్బు కాదు. ఫిర్యాదుల కోసం నోడల్ ఆఫీసర్ని పెట్టాలి, ఆ ఏర్పాటు బయటికి తెలిసేలా ఉంచాలి. వాళ్ల వెబ్‌సైట్లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఆ మెయిల్ ఐడీ ఉంది. సపోర్ట్ చాట్‌లో ఎవరూ దాని ఊసెత్తలేదు. ఆ అడ్రసుకి పాత టికెట్ నంబర్లు, పంపిన పత్రాలు, తేదీలు అన్నీ ఒకే మెయిల్లో పెట్టి, ఏ లావాదేవీ మీద అనుమానమో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. మొదటిసారి ఒక మనిషి ఫోన్ చేసింది ఆ తర్వాతే. ఆమె పావుగంటలో అంతా విన్నారు. జీఎస్టీ సంగతి ఒక్కసారి చెప్తే అర్థమైంది. ఎల్‌ఆర్ అంటే ఏమిటో ఆమెకి ముందే తెలుసు. వినాయక చవితి వెళ్లాక డబ్బులు పడ్డాయి. చార్జ్‌బ్యాక్‌లు (కట్టినవాళ్లు తమ బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) వస్తాయేమోనని కొంత మొత్తం ఇంకా కొన్ని నెలలు అట్టేపెట్టుకుని తర్వాత ఇచ్చారు. కారణం మాత్రం నేటికీ చెప్పలేదు, క్షమాపణ కూడా లేదు.

తనిఖీలు వద్దని నేననను. ఒకే కొమ్మకి ఏడు రంగుల గులాబీలు పూసినట్టు ఫొటోలు పెట్టి, కడియం నర్సరీ అని పేరు రాసుకుని, డబ్బు వేయించుకుని మాయమయ్యే పేజీలు ఎన్ని ఉన్నాయో మాకే బాగా తెలుసు. ఆ మోసపోయినవాళ్లు తిట్టేది మా ఊరినే. అలాంటి వాళ్లని గేట్‌వేలు పట్టుకోవాలి, ఇంకా గట్టిగా పట్టుకోవాలి. కానీ పెద్ద పేమెంట్ మీద అనుమానమొస్తే ఆ పేమెంట్ ఆపండి. అన్నీ ఆపాల్సి వస్తే కొత్తవి తీసుకోవడం కూడా ఆపండి. కారణం ఒక వాక్యంలో చెప్పండి. ఫారం నింపించుకునేటప్పుడు రోజూ ఫోన్ చేసిన సేల్స్ అబ్బాయికి బదులు, ఆపిన రోజున ఫోన్ ఎత్తే ఒక మనిషిని పెట్టండి. ఆ నోడల్ ఆఫీసర్ గారు పావుగంటలో చేసిన పని మొదటి రోజే జరగాల్సింది.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: లింకులకి, రోజువారీ లెక్కకి ఐదుకి నాలుగున్నర. ఫీజుకి మూడు. సమస్య వచ్చినప్పటి తీరుకి ఒకటి, ఆ ఒకటి కూడా ఫోన్ చేసిన ఆమెకి.

పూర్తిగా మానలేదు. చిన్న ఆర్డర్లకి, కార్డులకి ఇంకా అదే వాడుతున్నాను, జమ అయింది అయినట్టే రోజూ చూసుకుంటాను. మాఘమాసంలో మళ్లీ ఒక పెళ్లి ఆర్డరొచ్చింది. ఇంత మొత్తం వస్తుంది, ఇవీ పత్రాలు అని ముందే మెయిల్ పెట్టాను. మీ మెయిల్ అందింది అనే ఆటోమేటిక్ జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. పెళ్లివారికి మా కరెంట్ ఖాతా నంబరిచ్చి, డబ్బు నెఫ్ట్‌లో వేయించుకున్నాను.