విజయవాడలో నాటకం, ఖాళీ రోజున బందరు

పని మీద విజయవాడ వచ్చి, మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికినవాళ్ళు సాధారణంగా దుర్గమ్మ దర్శనం చేసుకుని, ప్రకాశం బ్యారేజీ మీద ఫొటో దిగి, సాయంత్రం బీసెంట్ రోడ్డులో బట్టలు చూసి గదికి చేరుకుంటారు. అది కూడా బాగానే ఉంటుంది. కానీ ఇంకాస్త ఓపిక ఉంటే మాత్రం బందరు, అంటే మచిలీపట్నం, వెళ్ళండి. వీలైతే రాత్రి అక్కడే ఉండేలా వెళ్ళండి.

మాది నాటక సమాజం. నేను లైటింగ్ చూస్తాను. ఈసారి విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కొన్ని ప్రదర్శనలు, తర్వాత గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో కొన్ని. ప్రదర్శనకీ ప్రదర్శనకీ మధ్య హాలు ఖాళీ లేని రోజులు వస్తుంటాయి. ఆ రోజుల్లో నటులు గొంతుకు విశ్రాంతి కావాలని పడుకుంటారు. మా లాంటి తెర వెనక వాళ్ళకి తిరగడానికి అదే సమయం.

ముందు బస సంగతి. విజయవాడలో మొదట మమ్మల్ని బెంజి సర్కిల్ వైపు ఒక పెద్ద హోటల్లో దించారు. గది బాగుంది, లిఫ్టు ఉంది, పొద్దున టిఫిన్ గది అద్దెలోనే. కానీ ప్రదర్శన అయ్యి, లైట్లు దించి, వైర్లు చుట్టి బయటపడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ వేళ సామాన్లతో ఆటో దొరకడం, బేరం కుదరడం రోజూ ఒక టెన్షన్. తర్వాత గాంధీనగర్‌లో ఒక పాత లాడ్జికి మారాం. గోడలకి సున్నం, ఇత్తడి గొళ్ళెం, కింద టీ కొట్టు. ఏసీ శబ్దం ఎక్కువే. అయినా నాకు అదే నచ్చింది. స్టేషను దగ్గర, కళాక్షేత్రం దగ్గర, బస్టాండుకి ఆటోలో పది నిమిషాలు. రాత్రి ఏ వేళకి వచ్చినా గుమాస్తా విసుక్కోకుండా తాళం తీసేవాడు. పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని బస్సెక్కడానికి అంతకంటే అనువైన చోటు లేదు. పని మీద వచ్చేవాళ్ళు గది సోకు కంటే దూరం చూసుకోవడం మంచిది.

విజయవాడ నుంచి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. నెహ్రూ బస్టాండు నుంచి బస్సులు వెంట వెంటనే ఉంటాయి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా రెండు గంటలు పడుతుంది. పామర్రు దాటక ముందే కూచిపూడి వైపు దారి చీలుతుంది, నాట్యం మీద ఇష్టం ఉన్నవాళ్ళు అక్కడ ఒక పూట ఆగొచ్చు. రైలు గుడివాడ మీదుగా వెళ్తుంది. పెడన కూడా ఆ దారిలోనే ఉంది కాబట్టి, కలంకారీ చూడాలనుకుంటే రైలు నయం. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అనుకుంటే రెండూ కలిసొస్తాయి.

ఇప్పటి బందరులో దిగితే ఇది ఒకప్పుడు ప్రపంచం తెలిసిన రేవు అని వెంటనే అనిపించదు. కోనేరు సెంటర్లో జనం, పూలకొట్లు, బైకులు, అంతా మామూలు జిల్లా కేంద్రమే. కానీ ఆటో అతన్ని పేటల పేర్లు అడగండి. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అంటూ వరసగా చెబుతాడు. ఫ్రెంచివాళ్ళూ డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ వ్యాపారం కోసం ఈ ఊళ్ళో పక్కపక్కన మకాం పెట్టిన రోజులు అవి. గోల్కొండ కుతుబ్‌షాహీలకి ఇదే ముఖ్యమైన రేవు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1611లో ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. డచ్చివాళ్ళు అంతకు కొన్నేళ్ళ ముందే వచ్చారు. మద్రాసు ఇంకా పుట్టనే లేదు.

అందుకే నేను ముందు డచ్చి సమాధుల దగ్గరికి వెళ్ళాను. గేటుకి తాళం ఉంది. పక్కింటి పెద్దాయన "ఉండు బాబూ, పిలుస్తాను" అని కేకేస్తే ఒకతను తాళంచెవి పట్టుకొచ్చాడు. లోపల చిన్న ఆవరణే. ఎత్తైన దిమ్మెల మీద పెద్ద పెద్ద నల్లరాతి పలకలు. వాటి మీద అక్షరాలు లోపలికి తవ్వినవి కావు, ఉబ్బెత్తుగా పైకి తేలినవి. పైన ఆ కుటుంబం చిహ్నం, చుట్టూ ఆకుల తీగ, కింద పేరూ తారీఖూ. మూడు వందల ఏళ్ళ వానలకి కూడా అంచులు మొద్దుబారలేదు. వేలితో అక్షరం వెంట రాస్తూ వెళ్తే ఆ భాష రాకపోయినా సంవత్సరం అంకెలు తగులుతాయి. పదహారు వందల చిల్లర. ఇంత చక్కటి పనితనం ఉన్న చోట తెలుగులో నాలుగు మాటలు చెప్పేవాళ్ళు ఒకరు ఉంటే ఊళ్ళో బడిపిల్లలు వచ్చి చూసేవాళ్ళు కదా అని నిజంగా బాధేసింది. చూడాల్సిన చోటు ఇది. గంట చాలు, కానీ ఆ గంట ఇవ్వండి.

కోట విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఊరికి దూరంగా, బందరుకోట గ్రామంలో కొన్ని పాత ఇటుక కట్టడాలు మిగిలాయి. 1750లో ఫ్రెంచివాళ్ళ చేతికి, 1759 ఏప్రిల్లో ఒక రాత్రి దాడితో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ చేతికి చిక్కిన కోట ఇదేనని ముందే చదువుకుని వెళ్తే తప్ప, చూడగానే మనసుకి ఎక్కేది కాదు. కానీ అక్కడ నిలబడితే ఒకటి అర్థమవుతుంది. నేలంతా చదును. ఎటు చూసినా గట్టు అన్నది లేదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం పొంగి ఊరి మీద పడితే సుమారు 30,000 మంది పోయారంటారు. పుస్తకంలో ఆ అంకె చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఆ చదును నేల చూశాక నమ్మాను. రేవుకి ఇబ్బంది అంతకుముందు నుంచీ ఉంది. ఇక్కడ సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకు పడవల మీద చేరేసేవాళ్ళు. ఓడల సైజు పెరిగేకొద్దీ వ్యాపారం మద్రాసుకి మళ్ళిపోయింది. తుఫాను ఆ మీద పడ్డ దెబ్బ.

ఇక పెడన. ఈ యాత్రలో నేను ఎక్కువసేపు గడిపింది అక్కడే. బందరు నుంచి పది కిలోమీటర్లు. స్టేషను నుంచి నడిచిపోతుంటేనే ఇళ్ళ ముందు ఆరేసిన బట్టలు కనపడతాయి. ఒక షెడ్డులో అడిగితే "చూసుకో బాబూ, కొనకపోయినా ఫర్వాలేదు" అన్నారు.

పొడవాటి బల్ల, దాని మీద గోనెపట్టాలు పరిచి పైన బట్ట. పనివాడి పక్కన చక్రాల బల్ల మీద రంగు తట్ట. టేకు అచ్చు తట్టలో అద్ది, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ. మళ్ళీ అద్ది, అంచు చూసి, మళ్ళీ దెబ్బ. గీత లేదు, కొలత లేదు, చూపే కొలత. నలుపుకి తుప్పు పట్టిన ఇనప ముక్కలూ బెల్లం నీళ్ళూ కలిపి రోజుల తరబడి నిలవబెట్టిన ద్రావణం వాడతారు. ఎరుపు రావాల్సిన చోట అద్దేది మాత్రం రంగు కాదు, జిగురులో కలిపిన పటిక. నేను వంగి వంగి చూస్తుంటే షెడ్డులో పెద్దాయన అన్నాడు: "ఇప్పుడేం కనపడుతుంది బాబూ! కాలవలో ఉతికి, రాగి బానలో ఉడికాక రా."

ఉడికించే చోటికి తీసుకెళ్ళాడు. బానలో ఎర్ర రంగు, జాజి ఆకు, నీళ్ళు మసులుతున్నాయి. ఇద్దరు కర్రలతో బట్ట తిప్పుతున్నారు. కాసేపటికి కర్రతో పైకెత్తి చూపించాడు. పటిక పడ్డ పూలన్నీ ఎర్రగా తేలాయి. మిగతా చోట పలచగా పట్టిన రంగు తర్వాత ఉతుకులో పోతుందట. లైట్లు వేసేవాణ్ణి కాబట్టి తెల్లటి తెర మీద బొమ్మ రావడం నాకు రోజూ అలవాటే. అయినా ఆ బాన దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు.

బట్టకి ముందే కరక్కాయ, గేదెపాలు పట్టిస్తారు. రంగు పాకకుండా ఆపేది ఆ పాలలో కొవ్వే. పూర్వం ఎరుపు చిరివేరు అనే మొక్క వేళ్ళ నుంచి తీసేవారు. కృష్ణా డెల్టా ఇసకనేలల్లో పండిన చిరివేరుకి అప్పట్లో ఎంత గిరాకీ అంటే, డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఇక్కడికి రావడానికి ఆ ఎర్రబట్టలే ఒక పెద్ద కారణం. పర్షియాకీ తూర్పు దీవులకీ ఓడల్లో వెళ్ళింది ఈ అద్దకం బట్టలే. కోట ఇటుకలుగా మిగిలింది, ఓడలు పోయాయి, అప్పటి పని మాత్రం పెడనలో ఇంకా చేతుల్లో నడుస్తోంది. బందరు రేవు అంటే నాకిప్పుడు గుర్తొచ్చేది ఆ బానే.

కొనేవాళ్ళకి ఒక మాట. విజయవాడ కొట్లలో కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు చాలా అమ్ముతున్నారు. బట్ట తిరగేసి చూడండి. అచ్చుపని అయితే రంగు వెనక్కి కూడా బాగా దిగుతుంది, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు అక్కడక్కడ వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. పెడనలో చేసినవాళ్ళ దగ్గరే కొంటే ధర కూడా నయం, పైగా డబ్బు చేరాల్సిన చోటికే చేరుతుంది. దుప్పటి ఒకటి, మా ఆవిడకి చీర ఒకటి తీసుకున్నాను. మొదటి ఉతుకులు ఉప్పునీళ్ళలో విడిగా ఉతకమన్నారు.

చిలకలపూడి మా సమాజానికి పని ఉన్న ఊరు. గిల్టు నగలు అక్కడివే. వడ్డాణాలు, కాసులపేర్లు, ముక్కెరలు, అన్నీ దొరుకుతాయి. మా మేకప్ అన్న ఇచ్చిన జాబితా పట్టుకెళ్తే ఒక కొట్టు యజమాని "వేషానికా, పెళ్ళికా?" అని అడిగి, వేషానికైతే దూరానికి మెరిసే రకం వేరే ఉందని లోపల్నుంచి తీసి చూపించాడు. అలా వినియోగం అడిగి అమ్మే కొట్టు దొరకడం అదృష్టం. పక్కనే పాండురంగస్వామి గుడి, 1929లో భక్త నరసింహం అనే ఆయన కట్టించారు. మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి.

మంగినపూడి బీచ్‌కి ఆదివారం సాయంత్రం వెళ్ళొద్దు. జనం, ప్లాస్టిక్, పార్కింగ్ గొడవ. అదే మామూలు రోజు తెల్లవారుజామున అయితే హాయిగా ఉంటుంది. నల్లమట్టి కలిసిన తీరం, చాలా దూరం మోకాలి లోతే. పిల్లలతో వెళ్ళినా అలల ధాటి తక్కువ కాబట్టి కాస్త నిశ్చింత, కాకపోతే ఎక్కడైనా సముద్రం సముద్రమే. ఆ పక్కనే కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి.

బందరులో రాత్రి బస ఎందుకన్నానంటే ఈ తెల్లవారుజాము కోసమే. విజయవాడ నుంచి పొద్దున బయల్దేరితే చేరేసరికి ఎండెక్కుతుంది, సమాధుల దగ్గర నీడ ఉండదు. బస్టాండు దగ్గర లాడ్జిలు సాదాగా ఉంటాయి. నేను దిగిన చోట దుప్పట్లు ఉతికినవే కానీ దోమల బాధ ఎక్కువ, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చిచ్చారు. అద్దె మాత్రం విజయవాడలో సగం కూడా లేదు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు గది చూశాకే డబ్బు కట్టండి. ఆటో రోజుకి మాట్లాడుకోవడం మేలు. చోటుకి ఇంత అని కాకుండా పూటకి ఇంత అని ముందే తేల్చుకుంటే అతనికీ తొందర ఉండదు, మనకీ ఉండదు.

తిండికి లోటు లేదు. మెస్సులో చందువా వేపుడు, రొయ్యల ఇగురు బాగున్నాయి. బందరు లడ్డు తప్పకుండా కొనండి. శనగపిండి పూసని నేతిలో వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకంతో మళ్ళీ తొక్కి చేస్తారు కాబట్టే నోట్లో పెడితే కరిగిపోతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్లగా నిగనిగలాడే హల్వా నాకు అంతకంటే నచ్చింది, కానీ మా వాళ్ళంతా లడ్డుకే ఓటేశారు.

విజయవాడ తిరిగొచ్చాక ఇంకో ఖాళీ పూట దొరికితే బందరు రోడ్డు మీదున్న బాపు మ్యూజియం చూడండి. పాత విక్టోరియా జూబిలీ భవనం అదే. 1921లో పింగళి వెంకయ్య జెండా నమూనాని గాంధీగారికి అందించింది విజయవాడలోనే. ఆయన అప్పుడు పనిచేస్తున్నది బందరు జాతీయ కళాశాలలో. ఆంధ్రా బ్యాంకు పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే, 1923లో, పట్టాభి సీతారామయ్య చేతుల మీదుగా. రేవు మూతపడ్డా ఊరు ఊరుకోలేదన్నమాట.

గుంటూరు ప్రదర్శనల మధ్య ఖాళీ దొరికితే ఈసారి నిజాంపట్నం. తెనాలి, రేపల్లె మీదుగా వెళ్ళాలి. 1611లో ఇంగ్లీషు ఓడ బందరుకి వచ్చే ముందు ఆగింది అక్కడే. చిరివేరుకి పెద్ద పేరున్న నేల కూడా అదే. మా హార్మోనిస్టు మావయ్యది రేపల్లె, తోడు వస్తానన్నారు.