ఐర్లాండ్ ఎన్‌ఎఫ్‌క్యూ రివ్యూ: ఆఫర్ లెటర్‌లోని లెవెల్ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

అమీర్‌పేటలో కూర్చున్నా, బెంజ్ సర్కిల్ దగ్గర కూర్చున్నా, కన్సల్టెన్సీలో ఐర్లాండ్ ఊసెత్తగానే "లెవెల్ 9 అండీ, రెండేళ్ల స్టేబ్యాక్ (చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకునే అనుమతి)" అన్న మాట ఒక్క ఊపిరిలో వచ్చేస్తుంది. ఆ లెవెల్ ఎవరిచ్చారు, నిజమో కాదో ఎక్కడ చూసుకోవాలి అంటే మాత్రం బ్రోషర్ చేతిలో పెడతారు. ఈ రివ్యూ ఆ అంకెల వ్యవస్థ మీద. అంటే ఐర్లాండ్ జాతీయ అర్హతల చట్రమైన ఎన్‌ఎఫ్‌క్యూ, దాన్ని చూసుకునే క్యూక్యూఐ సంస్థ జనం కోసం ఉచితంగా పెట్టిన రెండు ఆన్‌లైన్ సేవలు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: వ్యవస్థ గట్టిది, ఆ సేవల్లో కోర్సుల వివరాలు చూపే రిజిస్టర్ చాలా పనికొస్తుంది, విదేశీ డిగ్రీలను పోల్చి చూపే నారిక్ ఒక హద్దు వరకే పనికొస్తుంది. తంటా అంతా మిగతా వివరాలు దాచి అంకె ఒక్కటే చూపించి సీట్లు నింపేవాళ్లతోనే.

ఎన్‌ఎఫ్‌క్యూ 2003లో మొదలైంది. 2012 చట్టంతో క్యూక్యూఐ ఏర్పడి దాని బాధ్యత తీసుకుంది. మొత్తం పది లెవెళ్లు. క్యూక్యూఐ దీన్ని విసనకర్ర ఆకారంలో రంగురంగుల బొమ్మగా వేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు కనపడక కళ్లు నొప్పిపుడతాయి, కాబట్టి మాటల్లోనే చెప్పుకుందాం. 1, 2 లెవెళ్లు ప్రాథమిక చదువు, లెక్కల నైపుణ్యాలకు. 3 దగ్గర హైస్కూలు తొలి దశ అయిన జూనియర్ సైకిల్. మన ఇంటర్‌లా స్కూలు చదువు ముగించే లీవింగ్ సర్టిఫికెట్ 4, 5 లెవెళ్లలో ఉంటుంది. 6లో రెండు రకాలున్నాయి: వృత్తి విద్య వైపు అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్, కాలేజీ వైపు హయ్యర్ సర్టిఫికెట్. 7 ఆర్డినరీ బ్యాచిలర్స్, 8 ఆనర్స్ బ్యాచిలర్స్, 9 మాస్టర్స్, 10 పీహెచ్‌డీ.

మనవాళ్లకు మొదటి తికమక ఈ 7, 8 దగ్గరే. రెండూ బ్యాచిలర్స్ డిగ్రీలే, కానీ ఒకే మెట్టు మీద ఉండవు. మాస్టర్స్‌లో చేరడానికి మామూలుగా అడిగేది లెవెల్ 8. "డిగ్రీ ఉంది కదా" అన్న ధీమాతో అప్లై చేసి, తీరా చూస్తే తమ డిగ్రీని లెవెల్ 7తో పోల్చారని తెలిసి కంగుతినేవాళ్లు ఉంటారు. దరఖాస్తు ఫీజు కట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

రెండో తికమక ఇంకా ఖరీదైనది. లెవెల్ అన్నది చదువు ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది, ఎంత చదివారో చెప్పదు. ఎంత చదివారో తెలియాలంటే క్రెడిట్లు, అవార్డు రకం చూడాలి. ఎన్‌ఎఫ్‌క్యూలో అవార్డులు నాలుగు తరగతులు: మేజర్, మైనర్, సప్లిమెంటల్, స్పెషల్ పర్పస్. పూర్తి స్థాయి డిగ్రీ, డిప్లొమాలు మేజర్. అందులో ఒక ముక్క మైనర్. ఉన్న అర్హతకు పైన అదనంగా చేసేది సప్లిమెంటల్. ఒక ప్రత్యేక పనికోసం ఇచ్చే చిన్న కోర్సు స్పెషల్ పర్పస్. పది క్రెడిట్ల సర్టిఫికెట్ మీద కూడా లెవెల్ 9 అని ఉండొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు. అంతమాత్రాన అది మాస్టర్స్ అయిపోదు.

డేటా అనలిటిక్స్‌నే తీసుకోండి, మనవాళ్లు ఎక్కువగా అడిగే కోర్సు. దాదాపు ఇదే పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. హయ్యర్ డిప్లొమా: లెవెల్ 8, 60 క్రెడిట్లు, వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్లు దారి మార్చుకోవడానికి పెట్టింది. పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా: లెవెల్ 9, 60 క్రెడిట్లు. ఎమ్మెస్సీ: లెవెల్ 9, మామూలుగా 90 క్రెడిట్లు, అందులో థీసిస్ కూడా ఉంటుంది. బ్రోషర్ మీద మూడూ "డేటా అనలిటిక్స్, ఒక ఏడాది" అనే కనిపిస్తాయి. పేరులో "హయ్యర్" ఉంది కాబట్టి అదే పెద్దదనుకుంటే దెబ్బతింటారు. మూడింటిలో కింది మెట్టు అదే. ఎమ్మెస్సీలో చేరి థీసిస్ గట్టెక్కలేకపోతే చాలాచోట్ల 60 క్రెడిట్ల డిప్లొమాతో బయటికి పంపిస్తారు. లెవెల్ 9 అలాగే ఉంటుంది, చేతికొచ్చే పట్టా మాత్రం మాస్టర్స్ కాదు. కోర్సు నిబంధనల్లో ఎగ్జిట్ అవార్డు అన్న మాట ఎక్కడుందో చేరకముందే వెతికి చదవండి.

ఇక స్టేబ్యాక్. దాని అసలు పేరు థర్డ్ లెవెల్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్, వచ్చే అనుమతి స్టాంప్ 1జీ. లెవెల్ 8కి 12 నెలలు. లెవెల్ 9, ఆ పైన వాటికి ముందు 12 నెలలు, ఆ తర్వాత ఇంకో 12 నెలలకు రెన్యువల్. అంటే "రెండేళ్లు" ఒకేసారి చేతికి రావు. రెన్యువల్ అప్పుడు డిగ్రీకి తగ్గ ఉద్యోగం కోసం ప్రయత్నించినట్టు ఆధారాలు అడుగుతారు. దరఖాస్తులు, ఇంటర్వ్యూ మెయిళ్లు మొదటి రోజు నుంచే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవడం మేలు. ఫలితం తెలిపిన ఆరు నెలల లోపు రిజిస్టర్ చేసుకోవాలి. విద్యార్థిగా ఐర్లాండ్‌లో గడిపిన కాలంతో కలిపి మొత్తం మీద కూడా పరిమితి ఉంది: లెవెల్ 8కి ఏడేళ్లు, లెవెల్ 9కి ఎనిమిదేళ్లు.

అసలు మెలిక ఒకటుంది, దీన్ని ఏ కౌంటర్ దగ్గరా చెప్పగా వినం. ఆ డిగ్రీని గుర్తింపు ఉన్న ఐరిష్ సంస్థే ప్రదానం చేయాలి. క్లాసులు డబ్లిన్‌లో జరిగినా పట్టా మీద ఇంగ్లండ్ యూనివర్సిటీ పేరుంటే ఆ దారి మూసుకున్నట్టే. బోధించే కాలేజీ వేరు, పట్టా ఇచ్చే సంస్థ వేరు. యూనివర్సిటీలు తమ పట్టాలు తామే ఇచ్చుకుంటాయి. చాలా ప్రైవేటు కాలేజీల కోర్సులకు పట్టా ఇచ్చేది క్యూక్యూఐ. కాబట్టి "అవార్డింగ్ బాడీ ఎవరు?" అని కన్సల్టెన్సీని మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. "లెవెల్ 9కి సమానం", "లెవెల్ 9 ప్రమాణాలకు అనుగుణం" లాంటి జవాబొస్తే ఆ కోర్సు ఎన్‌ఎఫ్‌క్యూలో లేదనే అనుమానించాలి. ఉంటే ఉందని సూటిగా రాస్తారు, అంత చుట్టుతిరుగుడు ఎందుకు?

ఇవన్నీ సరిచూసుకునే చోటు ఐరిష్ రిజిస్టర్ ఆఫ్ క్వాలిఫికేషన్స్, క్లుప్తంగా ఐఆర్‌క్యూ. ఈ మొత్తం సరంజామాలో మాకు బాగా నచ్చింది ఇదే. లాగిన్ అక్కర్లేదు, ఫీజు లేదు. వాడే పద్ధతి చెబుతాం. ముందు కాలేజీ పేరుతో వెతకండి, కోర్సు పేరుతో కాదు. కోర్సు పేర్లన్నీ ఒకేలా ఉండి పదుల కొద్దీ ఫలితాలు వచ్చిపడతాయి. కాలేజీ పేజీలోకి వెళ్లి, ఆఫర్ లెటర్‌లో ఉన్న పేరును అక్షరం అక్షరం పోల్చుకుంటూ కోర్సు పట్టుకోండి. తెరిచాక లెవెల్, అవార్డు తరగతి, క్రెడిట్లు, పట్టా ఇచ్చే సంస్థ, ఈ నాలుగూ ఆఫర్ లెటర్‌తో సరిపోవాలి. ఏ ఒక్కటి తేడా ఉన్నా కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుకే రాయండి, మధ్యవర్తికి కాదు. ఆ రోజు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, కోర్సు వివరాలు తర్వాత మారినా మీ దగ్గర ఆధారం ఉంటుంది.

రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన వీసాకు పనికొస్తుందని కాదు, ఇది దాని లోటు. నాన్ ఈయూ విద్యార్థులు చేరదగ్గ కోర్సుల జాబితా విడిగా ఉంది: ఐఎల్‌ఈపీ, ఇమ్మిగ్రేషన్ వైపు నడిచేది. దాని స్థానంలో, విదేశీ విద్యార్థులను చేర్చుకునే కాలేజీలకు క్యూక్యూఐ ఇచ్చే ట్రస్ట్‌ఎడ్ ఐర్లాండ్ గుర్తు వస్తోంది. పార్ట్‌టైమ్‌గా నడిచే కోర్సు రిజిస్టర్‌లో దర్జాగా ఉంటుంది, మనకు మాత్రం అక్కరకు రాదు. రెండింటికీ ఒక లింకు పెట్టి ఉంటే ఎంతమందికి శ్రమ తప్పేదో.

వృత్తి విద్య వైపు సర్టిఫికెట్లయితే కోడ్ చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. హెల్త్‌కేర్ సపోర్ట్‌కు చాలాకాలంగా వాడుకలో ఉన్న కోడ్ 5ఎం4339. మొదటి అంకె లెవెల్. ఎం అంటే మేజర్. అదే చోట ఎన్ ఉంటే అది ఒక్క మాడ్యూల్, ఎస్ ఉంటే స్పెషల్ పర్పస్. లెవెల్ 5 మేజర్‌కు 120 క్రెడిట్లు కావాలి, ఒక్కో మాడ్యూల్ మామూలుగా 15, అంటే ఎనిమిది మాడ్యూళ్లు. ఇక్కడ ఒక క్రెడిట్ అంటే సుమారు పది గంటల శ్రమ. యూనివర్సిటీ వైపు క్రెడిట్‌కు 20 నుంచి 25 గంటలు. రెండింటినీ ఒకే త్రాసులో వేసి "120 అంటే రెండేళ్ల కోర్సు" అని లెక్కగట్టకండి. హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా వర్క్ పర్మిట్ మీద వెళ్లేవాళ్లకు ఈ కోడ్ సంగతి మరీ ముఖ్యం. రెండేళ్ల ఉద్యోగం తర్వాత సంబంధిత లెవెల్ 5 అర్హత ఉండాలన్నది షరతు. ఎన్ కోడ్ ఉన్న ఒక్క మాడ్యూల్‌ను "లెవెల్ 5 సర్టిఫికెట్" అని అమ్మే ప్రకటన కనబడితే డబ్బు కట్టకముందు మీ యజమానిని అడగండి.

అప్రెంటిస్‌షిప్‌లను కూడా ఇదే చట్రంలో కూర్చోబెట్టడం ఐర్లాండ్ చేసిన మంచి పని. ఎలక్ట్రీషియన్ పని నాలుగేళ్లలో, ఏడు దశల్లో నేర్పుతారు: 1, 3, 5, 7 దశలు పనిచోట, 2, 4, 6 శిక్షణ కేంద్రంలో, కాలేజీలో. చివర లెవెల్ 6 అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్. పనిముట్లు పట్టిన చేతికీ డిగ్రీ పట్టిన చేతికీ ఒకే కొలబద్ద పెట్టారు. మన దగ్గర ఐటీఐ చేసినవాడిని ఇంకా వేరే వరసలోనే నిలబెడుతున్నాం కదా.

అంకెలు దేశం దాటితే ఏమవుతాయో కూడా చూడండి. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ లెవెల్ 7. ఐర్లాండ్‌లో 7 అంటే ఆర్డినరీ డిగ్రీ. ఆస్ట్రేలియాలో 7 మామూలు బ్యాచిలర్స్, 9 మాస్టర్స్. మన దేశపు కొత్త క్రెడిట్ చట్రంలో నాలుగేళ్ల డిగ్రీ 6, ఎంటెక్ 7, పీహెచ్‌డీ 8. యూరప్ ఉమ్మడి చట్రమైన ఈక్యూఎఫ్‌లో ఎనిమిదే లెవెళ్లు. ఐర్లాండ్ 7, 8 రెండూ అక్కడ 6లోకి వెళ్తాయి, ఐర్లాండ్ 9 అక్కడ 7, 10 అక్కడ 8. డబ్లిన్‌లో మాస్టర్స్ చేసి జర్మనీలో ఉద్యోగానికి ఫారం నింపుతున్నప్పుడు ఈక్యూఎఫ్ లెవెల్ అన్న గడి వస్తే 7 అని రాయాలి. అక్కడ 9 రాస్తే అలాంటి లెవెలే లేదు. ఏ దేశపు చట్రమో పక్కన రాయకుండా రెజ్యూమేలో ఉత్త "లెవెల్ 8" అని పెడితే చదివేవాళ్లు తమకు తెలిసిన లెక్కతోనే చదువుకుంటారు.

ఇక నారిక్ ఐర్లాండ్. విదేశీ డిగ్రీని ఎన్‌ఎఫ్‌క్యూ లెవెల్‌తో పోల్చి చూపే డేటాబేస్ ఇది. దేశం ఇండియా అని ఎంచుకుని, డిగ్రీ రకం పట్టుకుంటే పోలిక పత్రం ఉచితంగా దిగుతుంది. మూడేళ్ల బీకామ్, బీఎస్సీలను, నాలుగేళ్ల బీటెక్‌ను, పాలిటెక్నిక్ డిప్లొమాను విడివిడిగా వెతకాలి. స్నేహితుడి పత్రం చూసి మనదీ అంతే అనుకోవద్దు. ఆ పత్రం మీద మీ పేరు ఉండదు, మార్కులు ఉండవు. డిగ్రీ రకం గురించి ఇచ్చిన సలహా అది, అంతే. కాలేజీ దాన్ని పట్టించుకోవచ్చు, బ్యాక్‌లాగ్స్ చూసి పక్కన పెట్టేయొచ్చు కూడా. పర్సంటేజీని ఐరిష్ గ్రేడ్‌లోకి మార్చి చెప్పే సేవ కాదిది, ఆ లెక్క ప్రతి యూనివర్సిటీకీ తనదే.

లైసెన్స్ కావాల్సిన వృత్తులకు నారిక్ పత్రంతో తలుపు తెరుచుకోదు. నర్సులకు ఎన్‌ఎంబీఐ, డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్, టీచర్లకు టీచింగ్ కౌన్సిల్, ఎవరి పరిశీలన వారిదే. ఇంజినీర్ అని పని చేసుకోవడానికి పేచీ లేకపోయినా, వృత్తి సంఘమైన ఇంజినీర్స్ ఐర్లాండ్ ఇచ్చే చార్టర్డ్ హోదాకు 2013 నుంచి చదువు ప్రమాణం లెవెల్ 9కి పెరిగింది.

చదువు ముగిశాక పట్టాతోపాటు, ఆ పట్టా వివరాలు చెప్పే డిప్లొమా సప్లిమెంట్ అన్న కాగితం అడిగి తీసుకోండి. చాలామంది ట్రాన్స్‌క్రిప్ట్ ఒక్కటే పట్టుకుని వచ్చేస్తారు. సప్లిమెంట్‌లో 3.1 గడిలో లెవెల్ రాసి ఉంటుంది, 3.2లో కోర్సు అధికారిక కాలవ్యవధి. తిరిగొచ్చి ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో మీ పట్టా ఇక్కడి డిగ్రీతో సమానమన్న ధ్రువీకరణకు వెళ్తే, యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరిశీలన జరుగుతుంది. అక్కడ ఐర్లాండ్ అంకె నేరుగా చెల్లదు, కానీ కోర్సు ఏమిటో, ఎన్ని క్రెడిట్లో చూపించడానికి ఆ సప్లిమెంట్ కంటే పనికొచ్చే కాగితం ఇంకోటి ఉండదు.