1930 హెల్ప్‌లైన్ రివ్యూ: సొమ్ము ఆపడంలో మేటి, తిరిగి ఇప్పించడంలో వెనకబాటు

యూపీఐలో మోసపోయినవాళ్ళకి మొదటి గంటలో సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930ని మించిన దారి లేదు. ఆ తర్వాత మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. 2021లో 155260గా మొదలై తర్వాతి ఏడాది 1930గా మారిన ఈ నంబరుకి ఫోన్ చేస్తే, వాళ్ళు వేసే టికెట్ నేరుగా డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తుంది. సొమ్ము ఇంకా ఆ ఖాతాలో ఉంటే హోల్డ్‌లో పెడతారు. వేరే ఖాతాకి దాటేసి ఉంటే కబురు ఆ బ్యాంకుకి పోతుంది. ఏటీఎంలో తీసేస్తే దారి అక్కడితో తెగిపోయినట్టే. అందుకే బ్రాంచికి పరుగెత్తే ముందే ఫోన్ చేయాలి.

చేతిలో ఉంచుకోవాల్సింది 12 అంకెల యూటీఆర్, అంటే ఆ లావాదేవీని బ్యాంకు గుర్తుపట్టే నంబరు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫోన్‌పేలో 'టి'తో మొదలయ్యేది ఆ యాప్ సొంత ఐడీ, బ్యాంకుకి అది పనికిరాదు. యూటీఆర్ విడిగా కనిపిస్తుంది. గూగుల్ పేలో అయితే 'యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ' తీసుకోవాలి. డబ్బు నాలుగు విడతల్లో పోతే నాలుగు యూటీఆర్‌లూ, టైములూ చెప్పాలి.

అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. 24 గంటల్లోపు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాలి. వివరణ కనీసం 200 అక్షరాలుండాలి. బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉంటూ ఆధార్‌లో కర్నూలు అడ్రసున్నవాళ్ళు రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ నొక్కితే ఫిర్యాదు అక్కడికి పోతుంది. కర్ణాటక, బెంగళూరు సిటీ ఎంచుకోండి.

అసలు లోటు తర్వాత బయటపడుతుంది. అక్నాలెడ్జ్‌మెంట్ అంటే ఎఫ్ఐఆర్ కాదు. బెంగళూరులో అయితే మీ డివిజన్ సీఈఎన్ (సైబర్, ఆర్థిక, మత్తుమందుల నేరాల) స్టేషన్‌కి వెళ్ళి ఐటీ చట్టం 66డి, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4) కింద ఎఫ్ఐఆర్ అడగండి. మా పరిధి కాదంటే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 కింద జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పనిలేని ఎఫ్ఐఆర్, కట్టాల్సిందే. ససేమిరా అంటే డీసీపీకి పోస్టులో ఫిర్యాదు, ఆపైన మేజిస్ట్రేట్. హోల్డ్‌లో ఉన్న సొమ్ము విడిపించడానికీ చాలాసార్లు బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. ఈ మెట్లన్నీ పోర్టల్‌లోనే వరసగా చూపించి ఉంటే ఎంత బావుండేది!

బ్యాంకుకి విడిగా మెయిల్ పెట్టడం మరవద్దు. ఆర్‌బీఐ 2017 జులైలో తెచ్చిన నియమం ప్రకారం ఓటీపీ మీరే చెప్పేసినా, బ్యాంకుకి తెలిపాక పోయిన డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. ఆ మెయిల్ టైమే మీకు రుజువు.

ఇంకో బాధ ఏ నేరమూ చేయనివాళ్ళది. దొంగసొమ్ములో 60 రూపాయలు క్యూఆర్ మీదుగా ఇడ్లీ బండి ఖాతాలో పడితే, మొత్తం ఖాతానే స్తంభింపజేసే ప్రమాదముంది. వివాదంలో ఉన్న మొత్తానికే ఫ్రీజ్ పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. బ్యాంకుకి రాసేటప్పుడు ఆ తీర్పు ప్రస్తావించి, మిగతా డబ్బు వదలమని అడగండి. గడువుతో కూడిన అప్పీలు ఏర్పాటు ఈ వ్యవస్థలోనే ఉండాలి.

డబ్బు పోలేదు, మోసపు కాల్ మాత్రమే వచ్చిందంటే 1930 లైను ఆక్రమించొద్దు. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, అనుమానాస్పద కాల్స్, మెసేజ్‌ల మీద ఫిర్యాదు చేసే 'చక్షు' ఉన్నది అందుకే.